రంగు ఈక, రంగు గుడ్డు: నాటుకోడి వంశలెక్కలో తెలిసిందెంత, తేలాల్సిందెంత

భూపాలపల్లి జిల్లా టేకుమట్ల వైపు ఊళ్లలో కోడిని కొనేటప్పుడు మొదట చూసేది రంగు. మైసమ్మకో పోచమ్మకో మొక్కున్న ఇంటివాళ్లు నల్లకోడి కోసం వాడవాడా అడుగుతారు. మేడారం జాతరకు బయలుదేరేవాళ్లు ఎదురుకోడి మొక్కుకు మంచి రంగున్న పుంజును ముందే మాట్లాడి పెట్టుకుంటారు. గుడ్ల దగ్గరా అంతే. పెంకు గోధుమ రంగులో ఉంటే నాటుగుడ్డు, తెల్లగా ఉంటే ఫారం గుడ్డు అని చేతిలోకి తీసుకోకముందే తీర్పు అయిపోతుంది. ధర కూడా ఆ తీర్పు మీదే నడుస్తుంది.

బేరంలో ఇంత బరువు మోస్తున్న ఈ రంగు ఎక్కడి నుంచి వస్తుంది? తల్లి నుంచా, తండ్రి నుంచా? కావాలనుకున్న రంగును సాకేవాళ్లు తరతరాలు నిలబెట్టుకోగలరా? రంగు చూసి నాటుతనాన్ని తేల్చవచ్చా? ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు దొరికి దశాబ్దాలు దాటింది. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో విలియం బేట్‌సన్ చూపించింది కోళ్లతోనే. 2004లో కోడి జన్యుపటం మొత్తం బయటికి వచ్చాక చాలా రంగుల వెనక ఉన్న జన్యువులను పేరుతో సహా పట్టుకున్నారు. అయినా ఆ జ్ఞానం పెరటి కోళ్లు సాకే ఆడవాళ్లకు అందే మాటల్లో తెలుగులోకి వచ్చింది చాలా తక్కువ. పత్తి, మిరప, వరి మీద బతికే టేకుమట్ల మండలంలో కోళ్ల మీద వచ్చే నాలుగు రూపాయలు చాలా ఇళ్లలో ఆడవాళ్ల సొంత సంపాదన. వాళ్లకు ఉపయోగపడే శాస్త్రం వాళ్లకు దూరంగా ఉండిపోవడం నాకు బాధ కలిగించే విషయం. అందుకే ఈ సమీక్ష.

ఈకలో ఉండే రంగు పదార్థాలు రెండే. నలుపునిచ్చేది యూమెలనిన్, ఎరుపు పసుపు ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్. పుంజు తోకలో మెరిసే ఆకుపచ్చ నిగనిగ మూడో రంగు పదార్థం కాదు, నల్ల ఈక కట్టుబడి మీద వెలుతురు పడి కనిపించే మెరుపు. ఈ రెండు పదార్థాల్లో ఏది, ఎంత, ఒంటి మీద ఏ చోట చేరాలో నిర్ణయించే జన్యువుల కలయికే మనం చూసే రకరకాల రంగులు.

వీటిలో పునాది వేసేది ఎంసీ1ఆర్ అనే జన్యువు. కోళ్ల శాస్త్రంలో దీని చోటును ‘ఈ’ స్థానం అంటారు. దీనికి అనేక రూపాలున్నాయి. ఒక రూపం ఒళ్లంతా నలుపు నింపుతుంది. ఇంకొకటి అడవికోడి రంగునిస్తుంది: పుంజుకు ఎర్రటి మెడ, వీపు, నల్లటి ఛాతీ, పెట్టకు నేలలో కలిసిపోయే గోధుమ, బూడిద కలగలుపు. మూడోది గోధుమగింజ రంగు రూపం. దీన్ని మోసే పుంజు అడవికోడి పుంజులాగే ఉంటుంది, పెట్ట మాత్రం లేత గోధుమ రంగులో వస్తుంది. కాబట్టి ఎర్ర పుంజును ఒక్కదాన్నే నిలబెట్టి చూస్తే దాని వంశం తెలియదు. దాని తోబుట్టువు పెట్టలను చూడాలి, లేదా పిల్లల నూగును చూడాలి. అడవికోడి రూపమైతే పిల్ల వీపు మీద ఉడుత చారలుంటాయి. గోధుమగింజ రూపమైతే నూగు చారలు లేకుండా మీగడ రంగులో ఉంటుంది. గంప ఎత్తి చూసే ఏ ఇల్లాలైనా చేయగల పరీక్ష ఇది, ఖర్చు లేనిది.

ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ చెప్పాడు. 2020లో వచ్చిన పెద్ద జన్యు పరిశోధన దాన్ని బలపరుస్తూ, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల ఉపజాతి దగ్గరికి వేలు చూపింది. డార్విన్ మాటకు ఒక సవరణ మాత్రం మన వైపు పక్షి వల్ల వచ్చింది. కోళ్ల కాళ్లకూ చర్మానికీ ఉండే పసుపు రంగు ఎర్ర అడవికోడి నుంచి రాలేదని, దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిద అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు ప్రపంచమంతా ఫారాల్లో పెరుగుతున్న పసుపుకాళ్ల కోళ్లలో మన దక్షిణాది పక్షి వారసత్వం ఉందన్నమాట.

తెలుపు దగ్గర సాకేవాళ్లు ఎక్కువగా తికమక పడతారు. బయటికి ఒకటే అయినా లోపల రెండు వేర్వేరు తెలుపులున్నాయి. ఒకటి బహిర్గతమైన తెలుపు, వైట్ లెగ్‌హార్న్‌లో ఉండేది. ఇది నల్ల రంగు చేరకుండా అడ్డుపడుతుంది. పీమెల్17 అనే జన్యువులో జరిగిన చిన్న చేర్పు దీనికి కారణమని 2004లో కనుక్కున్నారు. ఒక్క కాపీ ఉన్నా పని చేస్తుంది కాబట్టి తెల్ల లెగ్‌హార్న్ పుంజును నల్ల పెట్టకు కడితే పిల్లలు తెల్లగా, అక్కడక్కడ నల్ల చుక్కలతో వస్తాయి. ఎరుపును ఇది అంతగా ఆపలేదు. అందుకే ఎర్ర పెట్టతో కలిస్తే పుంజుపిల్లల భుజాల మీద ఎరుపు బయటపడుతుంది. రెండోది అంతర్గతమైన తెలుపు. రంగు తయారీకే అవసరమైన టైరోసినేజ్ జన్యువులో లోపం దీనికి మూలం. తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరి నుంచీ వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. తరతరాలుగా తెల్లకోడి లేని ఇంట్లో ఒక్కసారిగా తెల్లపిల్ల పుడితే అది బయటి పుంజు పని అని అనుమానించాల్సిన పని లేదు. రెండు రంగు కోళ్లలోనూ దాగి ఉన్న తెలుపు ఆ గుడ్డులో కలిసిందంతే.

బూడిదనీలం రంగు కోళ్లను ఇష్టపడి సాకేవాళ్లు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. ఈ రంగు ఎప్పటికీ స్థిరపడదు. నలుపుకు ‘నీలం’ జన్యువు ఒక్క కాపీ తోడైతే బూడిదనీలం, రెండు కాపీలు తోడైతే మసకతెలుపు మీద చిలకరించినట్టు నీలి మచ్చలు. బూడిద పుంజును బూడిద పెట్టకు కడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నల్లది, రెండు బూడిదవి, ఒకటి మచ్చలది. అన్నీ బూడిదవే కావాలంటే నల్ల కోడిని మచ్చల కోడికి కట్టాలి. సరిగ్గా ఈ లెక్క తెలియకే ‘జాతి చెడిపోయింది’ అని మంచి కోళ్లను కోసేసుకుంటారు.

మన పేర్ల పట్టిక

తెలుగువాళ్లకు కోడి రంగుల మీద సొంత పదజాలం ఉంది. కుక్కుటశాస్త్రం పేరుతో పందెగాళ్ల చేతుల్లో తిరిగే ఆ జ్ఞానాన్ని విడదీసి చూడాలి. కోడిపందెం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందనే లెక్కలకు ఆధారం లేదు. రంగుల పేర్లు మాత్రం తరాల పరిశీలన ఫలితం. ఒళ్లంతా నలుపైతే కాకి. తెలుపైతే సేతువ. ఎరుపైతే డేగ. వీపు మీద, రెక్కల మీద పసుపు ఆడితే నెమలి. మెడ మీద నలుపు తెలుపు సమంగా కలిస్తే పర్ల. ఎరుపు బూడిద కలగలిస్తే మైల. ఒక్కో ఈకలోనే రెండు మూడు రంగులుంటే పూల. కౌజు, పింగళ, అబ్రాసు, గేరువా ఇలా ఇంకా చాలా ఉన్నాయి.

ఈ పేర్లను జన్యువుల పక్కన పెట్టి చూస్తే నాకు కనిపించే పోలికలు ఇవి. కాకి అనేది ‘ఈ’ స్థానంలోని నిండు నలుపు రూపం. డేగ, నెమలి రెండూ అడవికోడి లేదా గోధుమగింజ రూపాల మీద బంగారు ఛాయ చేరినవి. ఆ ఛాయ చిక్కదనమే వాటి మధ్య తేడా. పర్లలో బంగారు ఛాయకు బదులు వెండి ఛాయనిచ్చే జన్యువు పని చేస్తూ ఉండాలి. మైలలో బూడిదనీలం జన్యువు జాడ ఉండవచ్చు. పూలలో ఈక కొసన తెల్లచుక్క పెట్టే అంతర్గత జన్యువు ఉండవచ్చు, అది ఈడీఎన్ఆర్‌బీ2 అని 2014లో తేలింది. ఇవి నా అంచనాలు; డీఎన్ఏ పరీక్షతో సరిచూడదగ్గవి. సేతువ ఒక్కటే ఈ పట్టికలో కంటికి లొంగని పేరు. పైన చెప్పిన రెండు తెలుపులనూ అది ఒకే గాటన కడుతుంది.

రంగు, రూపాల కోసమే సాకడం మన దగ్గర కొత్త కాదు. ప్రకాశం జిల్లా వైపు చిలకముక్కు, పొడుగు తోక అసీల్ పుంజులకు అందాల పోటీలే పెడుతున్నారు. పందెం లేకుండా, రక్తం లేకుండా కోడి గొప్పతనాన్ని నలుగురిలో చూపించుకునే మంచి దారి అది. అసీల్‌తో పాటు డంకి, కాళహస్తి, ఘాగస్ జాతులు కూడా తెలుగు నేలతో ముడిపడి దేశీయ జాతుల జాబితాలోకి ఎక్కినవే.

తల్లి ఇచ్చేది కొడుకుకే

పక్షుల్లో లింగ క్రోమోజోముల అమరిక మనుషులకు తిరగబడి ఉంటుంది. పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇచ్చేది డబ్ల్యూ. కూతుళ్లకు జెడ్ తండ్రి నుంచే రావాలి. వెండి-బంగారం జన్యువు, అడ్డచారల జన్యువు రెండూ ఈ జెడ్ మీదే ఉన్నాయి. మొదటిది ఎస్ఎల్‌సీ45ఏ2 అని 2007లో, రెండోది సీడీకేఎన్2ఏ అని 2010లో గుర్తించారు. అడ్డచారలు లింగంతో ముడిపడి దిగుతాయని అమెరికాలో స్పిల్‌మన్ 1908 నాటికే చెప్పాడు.

దీంతో పల్లెలో పనికొచ్చే ఒక ఉపాయం ఉంది. అడ్డచారల పెట్టకు నల్ల పుంజును కడితే పుంజుపిల్లలకు పుట్టగానే తల మీద తెల్లమచ్చ ఉంటుంది, పెట్టపిల్లలకు ఉండదు. అలాగే రోడ్ ఐలాండ్ రెడ్ వంటి బంగారు ఛాయ పుంజును వెండి ఛాయ పెట్టకు కడితే పుంజుపిల్లలు తెల్లటి నూగుతో, పెట్టపిల్లలు ఎర్రటి నూగుతో పుడతాయి. మొదటి రోజే పుంజులెన్నో పెట్టలెన్నో తెలిసిపోతుంది. కలయికను తిరగేసి, చారల పుంజును నల్ల పెట్టకు కడితే ఈ ఉపాయం పారదు. పిల్లలన్నిటికీ మచ్చ వస్తుంది. మొదటి తరం పిల్లలను వాటిలో వాటికే కట్టినా అంతే, గుర్తు చెదిరిపోతుంది. బడి పుస్తకాల్లో మన పిల్లలు గీసే చదరానికి పేరిచ్చిన పనెట్, కేంబ్రిడ్జ్‌లో ఈ గుర్తు ప్రతి తరంలోనూ నిలిచే జాతిని తయారు చేయడానికి పూనుకున్నాడు. కాంబార్ అనే ఆ జాతితోనే ప్రతి తరంలోనూ పుట్టగానే లింగం తెలిసే జాతుల తయారీ మొదలైంది. వచ్చే తరానికి తెలంగాణలో కూడా ఇలాంటి పెరటి జాతి ఒకటి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

గుడ్డు సంగతి

పెట్ట లోపల గుడ్డు తయారవడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. అందులో దాదాపు ఇరవై గంటలు పెంకుకే. పెంకు అసలు రంగు తెలుపు, సున్నపు రాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే అది. గోధుమ రంగు ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. గుడ్డు బయటికి రావడానికి ముందు చివరి గంటల్లో, పెంకు పై పొరల్లోనే ఎక్కువగా చేరుతుంది. అందుకే గోధుమ గుడ్డు పగలగొట్టి చూస్తే లోపలి వైపు తెల్లగా కనిపిస్తుంది. నీలి గుడ్డు అలా కాదు. దానికి రంగునిచ్చే బిలివర్డిన్ పెంకు మందమంతా పాకి ఉంటుంది, లోపలా నీలమే. నీలి పెంకు మీద గోధుమ పూత పడితే ఆకుపచ్చ గుడ్డు. ప్రపంచంలోని కోడిగుడ్ల రంగులన్నీ ఈ రెండు పదార్థాల హెచ్చుతగ్గులే.

వంశం లెక్కలో ఈ రెండు రంగులూ పూర్తిగా వేరు. గోధుమ రంగు అనేక జన్యువుల చిన్న చిన్న వాటాలు కలిసి వచ్చేది. ముదురు గోధుమ గుడ్ల వంశాన్ని తెల్లగుడ్ల వంశంతో కలిపితే కూతుళ్ల గుడ్లు లేత మీగడ రంగులో పడతాయి. మళ్లీ ముదురు రంగు తేవాలంటే ప్రతి తరంలోనూ ముదురు గుడ్లనే ఎంచి పొదగేయాలి. ఇందులో అందరూ మరిచిపోయేది పుంజును. పుంజు గుడ్డు పెట్టదు, కానీ కూతుళ్ల గుడ్డు రంగులో సగం వాటా దానిదే. దాని విలువ దాని ఒంటి మీద కనిపించదు. తల్లి గుడ్డును, కూతుళ్ల గుడ్లను చూసే తెలుసుకోవాలి. మంచి రంగు గుడ్డు నుంచి పుట్టిన పుంజునే జోడుకు ఉంచుకోవడం ఇందులో అన్నిటికన్నా తేలికైన నియమం.

నీలి గుడ్డు కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు నీలి గుడ్ల కోళ్లను 1921లో హేగ్‌లో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో స్పెయిన్ శాస్త్రవేత్త సాల్వడోర్ కాస్టెల్లో లోకానికి పరిచయం చేశాడు. ఈ రంగుకు ఒకే బహిర్గత జన్యువు కారణమని 1933లో పనెట్ చూపించాడు. 2013లో అసలు సంగతి బయటపడింది. పూర్వం ఎప్పుడో ఒక వైరస్ తన ముక్కను కోడి ఒకటో క్రోమోజోమ్ మీద ఎస్ఎల్‌సీఓ1బీ3 జన్యువు పక్కన వదిలిపెట్టింది. దాంతో కాలేయంలో పనిచేయాల్సిన ఆ జన్యువు పెంకు తయారయ్యే సంచిలో కూడా మేలుకుంది. చైనా కోళ్లలో ఒకసారి, దక్షిణ అమెరికా కోళ్లలో వేరుగా మరోసారి ఈ సంఘటన జరిగింది.

ఈ జన్యువుకు చాలా దగ్గరలోనే తల మీద బఠానీ జుట్టునిచ్చే జన్యువు ఉంది. నీలి గుడ్ల వంశంలో రెండూ కలిసి ఉంటే దాదాపు ఎప్పుడూ కలిసే దిగుతాయి. జుట్టు చూసి నీలి గుడ్డు పెట్టే పిల్లలను ఏరుకోవడం విదేశాల్లో అలవాటు. మన దగ్గర దీన్ని గుడ్డిగా పాటిస్తే దెబ్బ తింటాం. మన అసీల్‌కూ బఠానీ జుట్టే ఉంటుంది, దానికి నీలి గుడ్డుతో సంబంధం లేదు. అసీల్ రక్తం ఉన్న పెట్టను నీలి గుడ్ల పుంజుకు కడితే పిల్లల జుట్టు ఏ సంగతీ చెప్పదు. చెవి తమ్మె సూత్రం కూడా ఇలాంటిదే. తెల్ల తమ్మె ఉంటే తెల్లగుడ్డు, ఎర్ర తమ్మె ఉంటే గోధుమ గుడ్డు అనేది యూరప్ జాతుల్లో చాలావరకు నిలుస్తుంది. కలగలిసిన నాటు మందలో దాన్ని నమ్మడానికి లేదు.

పట్టణాల్లో అలంకార కోళ్ల సరదా పెరిగాక నీలి, ఆకుపచ్చ గుడ్ల కోసం విత్తన గుడ్లు కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. నీలి గుడ్లు పెట్టే అరౌకానా జాతిలో చెవుల దగ్గర ఈకల కుచ్చులుంటాయి. ఆ కుచ్చుల జన్యువు రెండు కాపీలు కలిసిన పిండం గుడ్డులోనే చనిపోతుంది. కుచ్చులున్న పుంజును కుచ్చులున్న పెట్టకు కట్టకూడదు.

పెంకు రంగు వంశం ఒక్కదాని మీదే నిలవదు. గోధుమ గుడ్ల పెట్ట వయసు మీద పడేకొద్దీ రంగు పలచబడుతుంది. బెదిరినా, కొక్కెర తెగులు వంటి జబ్బు తగిలినా గుడ్డు పాలిపోతుంది. రక్తపారుడు రోగానికి వాడే నైకార్బజిన్ మందు గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కలిస్తే గోధుమ గుడ్లు తెల్లబారతాయి. కాబట్టి ఒక్కసారిగా రంగు మారితే పుంజును మార్చే ముందు కోడి ఆరోగ్యాన్ని చూడాలి.

పచ్చసొన రంగును చాలామంది జాతికి అంటగడతారు. అది తిండి రంగు. ఆరుబయట పచ్చిగడ్డి, మక్క, పురుగులు ఏరుకు తినే ఏ కోడి సొనైనా ముదురుగా ఉంటుంది. నాటుగుడ్డుకూ ఫారం గుడ్డుకూ సొనలో తేడా కనిపిస్తే ఆ ఖ్యాతి పెరటి నేలది, పెంకు రంగుది కాదు. ఒకే మేత తిన్న తెల్ల, గోధుమ గుడ్ల పోషక విలువల్లో లెక్కలోకి తీసుకునే తేడా లేదు.

బజారు నమ్మకం

ఇంతకీ తెల్లగుడ్డు ఫారం గుడ్డుకు గుర్తుగా ఎలా మారింది? తక్కువ మేత తిని ఎక్కువ గుడ్లు పెట్టే వైట్ లెగ్‌హార్న్ వంశాల మీదే మన గుడ్ల పరిశ్రమ కట్టుబడింది. ఆ పరిశ్రమకు పునాది వేసిన బి.వి. రావు తెలుగువాడే. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించి, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పాటుకు ముందు నిలిచాడు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉండటం వెనక ఆ చరిత్ర ఉంది. బ్రిటన్‌లో పెద్ద ఫారాలు కూడా ఎక్కువగా గోధుమ గుడ్లే అమ్ముతూ వచ్చాయి. అక్కడి జనం ఆ రంగే అడిగారు కాబట్టి అక్కడి పరిశ్రమ గోధుమ గుడ్ల వంశాలను పెంచింది. ఫారానికీ తెలుపుకూ ఉన్న ముడి వ్యాపారం వేసిందే.

ఈ నమ్మకాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు తయారయ్యారు. తెల్లగుడ్లను టీ డికాషన్‌లో ముంచి నాటుగుడ్లుగా అమ్ముతున్న వార్తలు తెలుగు పత్రికల్లో అడపాదడపా వస్తూనే ఉన్నాయి. ఇక్కడ నష్టపోయేది కొన్నవాళ్లే కాదు, నిజమైన నాటుగుడ్డును అమ్ముకునే ఆడవాళ్లు కూడా. గమనించండి: నిజమైన నాటు మందలో గుడ్లన్నీ ఒకే రంగులో ఉండవు. ఒక పెట్టది లేత మీగడ, ఇంకొకదానిది గోధుమ, మరొకదానిది దాదాపు తెలుపు. ఒకే అచ్చులో పోసినట్టు ముప్పై గుడ్లు ఒకే రంగులో ఉంటే అనుమానించాలి.

కడక్‌నాథ్ విషయంలోనూ ఇదే జరిగింది. మధ్యప్రదేశ్ ఝాబువా జిల్లా గిరిజనుల కోడి అది, 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. చర్మం, మాంసం, ఎముకల పొర దాకా నలుపు చేరడానికి కారణం ఇరవయ్యో క్రోమోజోమ్ మీద ఒక భాగం రెట్టింపు కావడం. ఇండోనేషియా అయాం సెమానీ, చైనా సిల్కీలలో కూడా ఇదే మార్పు ఉంది. ఇది బహిర్గతం కాబట్టి కడక్‌నాథ్ పుంజును నాటు పెట్టకు కడితే నల్ల మాంసం పిల్లలు పుడతాయి. అలాంటి సంకరాలను అసలు జాతిగా అమ్మడం తేలికైంది. కడక్‌నాథ్ నల్లగుడ్డు పెడుతుందనేది అబద్ధం. దాని గుడ్డు మీగడ, లేత గోధుమ రంగుల్లోనే ఉంటుంది. నల్లగుడ్డు పెట్టే కోడి జాతి ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఊళ్లోకి వచ్చిన కొత్త రక్తం

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం 1988లో ఏర్పడింది. అక్కడి నుంచే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వచ్చాయి. గోధుమ గుడ్లు పెట్టే డాహ్లెం రెడ్ వంటి వంశాలను అక్కడ ఏళ్లుగా సాకుతున్నారు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వైపు నుంచి వచ్చింది రాజశ్రీ. వీటన్నిటికీ రంగురంగుల ఈకలు ఉండేలా పెంచడం వెనక రెండు కారణాలు. పల్లెల్లో తెల్లకోడిని నాటుకోడి ధరకు కొనరు. ఆరుబయట తిరిగే తెల్లకోడి గద్దకు దూరం నుంచే కనిపిస్తుంది. ఈ రెండో కారణాన్ని మన పెద్దలు ఎప్పుడో పట్టుకున్నారు. అడవి అంచు ఊళ్లలో తెల్లపెట్టలు తక్కువ కనిపించడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

ఈ మెరుగు కోళ్లు ఇచ్చిన మేలును కాదనలేం. పెరట్లో నాటు పెట్ట ఏడాదికి అరవై గుడ్ల దగ్గర ఆగితే వనరాజా వంద వరకు పెడుతుంది, గ్రామప్రియ అంతకు మించి. నా అభ్యంతరం ఒక్కటే. వీటిలో పొదుగు గుణం దాదాపు లేదు. వనరాజా పుంజులను నాటు పెట్టలతో కలవనిచ్చిన ఊళ్లో మొదటి తరం పిల్లలు పెద్దగా, అందంగా పెరుగుతాయి. ఆ తర్వాతి తరాల్లో రంగులు చెదిరి, పొదుగుకు కూర్చునే పెట్టలు తగ్గుతూ వస్తాయి. కరెంటు యంత్రం లేని ఇంటికి పొదిగే పెట్ట ఒక్కటే యంత్రం. రంగురంగుల ఈకలు అలాగే ఉంటాయి కాబట్టి ఈ నష్టం కంటికి తెలియదు. రంగు మీద పెట్టిన చూపు ఇక్కడే మనల్ని మోసం చేస్తోంది. మెరుగు కోళ్లను గుడ్ల కోసం వేరుగా పెంచుకోవాలి, నాటు విత్తనాన్ని వేరుగా కాపాడుకోవాలి అనేది నా స్థిరమైన అభిప్రాయం.

వేసవి ఎండ మండే ఈ జిల్లాలకు రంగు కన్నా పనికొచ్చే ఈక జన్యువు ఒకటుంది. మెడ మీద ఈకలు లేని కోళ్లలో ఒక కాపీ ఉంటే ఒంటి ఈకలు దాదాపు ఐదో వంతు, రెండు కాపీలుంటే దాదాపు రెండైదో వంతులు తగ్గుతాయి. వేడి తేలిగ్గా బయటికి పోతుంది. చూడ్డానికి బాగాలేదని జనం వీటిని ముందుగా కోసేస్తారు. వాటిని కాపాడుకోవాలి.

ఊళ్లో రంగు నిలపాలనుకునేవాళ్లకు పనిలో ఉన్న చిక్కు కలయికను అదుపు చేయడమే. పుంజు కలిసిన తర్వాత రెండు మూడు వారాల దాకా పెట్ట గుడ్లలో దాని ప్రభావం ఉంటుంది. కాబట్టి కొత్త పుంజుతో కట్టే ముందు పెట్టలను కనీసం మూడు వారాలు వేరుగా ఉంచాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆ పుంజును దాని కూతుళ్ల మీదే ఏళ్ల తరబడి ఉంచితే రంగు కుదురుతుంది, దాంతో పాటే గుడ్లు తగ్గుతాయి, పిల్లలు బలహీనపడతాయి. ఏడాదికోసారి పక్క ఊరివాళ్లతో పుంజులను మార్చుకోవడం దీనికి మంచి విరుగుడు. టేకుమట్ల, వెలిశాల, గర్మిళ్లపల్లి వంటి పక్కపక్క ఊళ్ల మధ్య బంధుత్వాలు ఎలాగూ ఉంటాయి, ఆ దారిలోనే పుంజులూ మారవచ్చు. టీకాలు వేయని రంగుకోడికి మాత్రం ఏ వంశలెక్కా అక్కరకు రాదు. కొక్కెర తెగులు ఒక్క వారంలో మందను తుడిచేస్తుంది. దానికి టీకా అయిన లసోటా చుక్కలు పిల్లలకు మొదటి వారంలోనే పడాలి.

తేలాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి. గోధుమ రంగు ముదురుదనానికి ఏ జన్యువు వాటా ఎంత అన్నది పరిశోధకుల మధ్య ఇంకా కుదరని లెక్క. ఈక రంగుకూ రోగనిరోధక శక్తికీ సంబంధం ఉందా అన్నదాని మీద వాదనలున్నాయి. ఊళ్లలో నల్లకోడి గట్టిదని, తెల్లకోడి నాజూకుదని అంటారు. గద్ద లెక్క తీసేస్తే ఇందులో మిగిలేదెంతో మందల మీద కొలిచి చూడాల్సిందే. మన పేర్ల పట్టికను డీఎన్ఏతో సరిపోల్చే పని కూడా చేయదగ్గదే. నల్లమల పొడ తూర్పు పశువుల సాకుడుదారుల జ్ఞానాన్ని కొలిచి, నమోదు చేస్తేనే ఆ జాతికి 2020లో జాతీయ గుర్తింపు వచ్చింది. చలివాగు, మానేరు, గోదావరి పరీవాహకపు పెరటి కోళ్లకూ అలాంటి సర్వే కావాలి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాను.

ఆ సర్వే వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి పొదుగుకు గుడ్లు వేసేటప్పుడు ప్రతి గుడ్డు మీద ఏ పెట్టదో పెన్సిల్‌తో రాయండి. పెంకు రంగు, పుంజు రంగు, ఇరవై ఒకటో రోజున పుట్టిన పిల్లల నూగు రంగు, అవి పెద్దయ్యాక ఈకల రంగు, పెట్టల్లో ఎన్ని పొదుగుకు కూర్చున్నాయో ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. రాయడం రాని అమ్మలకు బడికి పోయే పిల్లలు రాసిపెట్టాలి. ఊరికి పదిళ్ల నుంచి ఇలాంటి పుస్తకాలు వస్తే మన కోళ్ల వంశం మీద ఇంతకన్నా నమ్మదగిన సమీక్ష రాయవచ్చు.